చదువుకునే బల్ల పక్కన ఒక పనిబల్ల వేయండి

ఉభయ తెలుగు రాష్ట్రాల జిల్లా గ్రంథాలయ సంస్థల అధ్యక్షులకు, కార్యదర్శులకు,

ముప్పై ఏళ్లకు పైగా ఐటీఐలో ఎలక్ట్రానిక్స్ మెకానిక్ ట్రేడ్ చెప్పి రిటైరయ్యాను. ఊరు తెనాలి. మా ఇంటి పెరట్లో ఒక రేకుల షెడ్డు ఉంది. ఆరేళ్లుగా ప్రతి ఆదివారం పొద్దున తొమ్మిదిన్నరకు అక్కడ పది పదిహేను మంది పోగవుతారు. ఇంటర్ చదివే పిల్లలు, ఫ్యాన్లకు వైండింగు చేసే కుర్రాడు, బ్లౌజులు కుట్టే ఆవిడ, బ్యాంకులో పనిచేసే ఒకాయన, ఐటీఐ అయిపోయి ఇంకా పని దొరకని ఇద్దరు. రెండు పొడవాటి బల్లలు, ఐదు సోల్డరింగ్ ఐరన్లు, మూడు మల్టీమీటర్లు, ఒక డ్రిల్లింగ్ మిషన్, తలా కొంత వేసుకుని కొన్న ఒక త్రీడీ ప్రింటర్. భోజనాల వేళ దాకా ఎవరి పని వాళ్లు చేసుకుంటారు, చిక్కు వస్తే పక్కవాళ్లను అడుగుతారు. ఇలాంటి చోటును నగరాల్లో మేకర్‌స్పేస్ అంటున్నారు. మా వీధిలో మాస్టారి షెడ్డు అంటారు.

ఈ ఉత్తరం మా షెడ్డుకు సాయం చేయమని రాయడం లేదు. మీ ఆధీనంలో ఉన్న గ్రంథాలయాల్లో ఒక్కో గదిని ఇలాంటి పనికి తెరవమని అడగడానికి రాస్తున్నాను. మిమ్మల్నే ఎందుకు అడుగుతున్నానో చెప్పాలంటే ముందు ఆ బల్ల దగ్గర ఏం జరుగుతుందో చెప్పాలి.

ఒక వినాయక చవితి ముందు సంగతి. బీటెక్ చదివే ఒక అమ్మాయి తమ వీధి పందిరికి లైటింగు చేస్తానని ఒప్పుకుంది. మూడు వందల రూపాయల లోపు దొరికే ఒక చిన్న కంట్రోలర్ బోర్డు, దానికి తగిలించిన ఎల్ఈడీ స్ట్రిప్పు తెచ్చింది. ఈ స్ట్రిప్పులో ప్రతి బల్బులోనూ చిన్న చిప్పు ఉంటుంది, దేనికి కావాలంటే దానికి విడిగా రంగు చెప్పవచ్చు. అదే ఆదివారం, పాతికేళ్ల పాటు చుట్టుపక్కల ఊళ్లలో పందిళ్లకు సీరియల్ సెట్లు కట్టిన ఒక పెద్దాయన కూడా వచ్చాడు. ఆయన తన అటక మీద నుంచి దించిన చెక్క డ్రమ్ము తెచ్చాడు. డ్రమ్ము చుట్టూ రాగి రేకులు దిగ్గొట్టి ఉన్నాయి. చిన్న మోటారు దాన్ని తిప్పుతుంటే, ఆ రేకుల మీద రాసుకుంటూ ఉండే తీగల కొసలు వంతులవారీగా ఒక్కో లైనుకు కరెంటు ఇస్తాయి. మా చిన్నప్పుడు దేవుడి వెనక చక్రం తిరిగిందన్నా, జలపాతం దూకినట్టు కనబడిందన్నా ఆ డ్రమ్ము పనే. దాని తర్వాత తరం కూడా ఆ రోజు బల్ల మీదే ఉంది. ఫ్యాన్ల కుర్రాడు 555, 4017 అనే రెండు ఐసీలతో రన్నింగ్ లైట్ల బోర్డు చేసుకొచ్చాడు. 555 నాడిలా కొట్టుకుంటుంది. కొట్టిన ప్రతిసారీ 4017 తన పది కాళ్లలో ఒకదాని మీది వోల్టేజిని పక్కదాని మీదికి జరుపుతుంది. ఈ 555 బజారులోకి వచ్చింది 1972లో. ఇవాళ్టికీ కోఠి గుజరాతీ గల్లీలో అడిగితే పది పదిహేను రూపాయలకు ఇస్తారు.

పెద్దాయన ఆ అమ్మాయి స్ట్రిప్పును చాలాసేపు చూశాడు. "నంబరు పెట్టి పిలిస్తే ఆ బల్బు పలుకుతుందా అమ్మాయ్?" అని అడిగాడు. "పలుకుతుంది తాతయ్యా" అంది. కాని ఆమెకు ఒక ఇబ్బంది ఉంది. తెల్లరంగు వెలిగించమంటే మొదట్లో బల్బులు తెల్లగానే ఉన్నాయి, చివరికి పోయేకొద్దీ ఎర్రబడి మసకేస్తున్నాయి. నాలుగు రోజులుగా ప్రోగ్రాంలో తప్పు వెతుక్కుంటోంది. పెద్దాయన ప్రోగ్రాం మాటే ఎత్తలేదు. "చివరికి కరెంటు అందట్లేదమ్మా. పొడుగు లైనుకు ఒకవైపు నుంచే ఇస్తే అంతే. చివర్నుంచి ఇంకో జత తీగ ఎక్కించు" అన్నాడు. ఎక్కించాం. చివరి బల్బు కూడా తెల్లగా వెలిగింది. మల్టీమీటరు పెట్టి చూస్తే అంతకుముందు అక్కడ ఐదు వోల్టులకు బదులు నాలుగు కూడా లేవు. ఆయన జీవితంలో కంప్యూటర్ ముట్టుకోలేదు. ఆమె ఎప్పుడూ పందిరి ఎక్కలేదు. ఇద్దరూ ఒక బల్ల దగ్గర కూర్చున్నారు కాబట్టి పని అయింది.

ఇది యూట్యూబులో లేదా అని అడుగుతారు. ఉంది. కాని ఏమని వెతకాలో తెలియాలి కదా. ఆమె నాలుగు రోజులూ ప్రోగ్రాంలో తప్పులు ఎలా దిద్దాలనే వెతికింది, ఎందుకంటే తప్పు అక్కడే ఉందని నమ్మింది. మనం ఏ ప్రశ్న అడగాలో పక్కనున్న మనిషి చెబుతాడు. ఆ పని ఫోను చేయలేదు.

చింతకింది మల్లేశం గారి కథ మీకు తెలియనిది కాదు. ఆలేరు దగ్గర శారాజీపేట నేత కుటుంబం. ఆరో తరగతితో చదువు ఆపేశారు. పోచంపల్లి చీరకు ఆసు పోయడానికి, అంటే నేతకు ముందు మేకుల చుట్టూ దారం చుట్టడానికి, తల్లి లక్ష్మి గారు ఒక్క చీరకు దాదాపు 9,000 సార్లు చెయ్యి అటూ ఇటూ తిప్పడం చూసి, ఆ పని చేసే యంత్రం కట్టాలని 1992లో పూనుకున్నారు. పూర్తయింది 1999లో. ఏడేళ్లలో ఎక్కువ కాలం ఒంటరిగా, అప్పులతో, చుట్టూ ఉన్నవాళ్లు పెదవి విరుస్తుంటే పనిచేశారు. చివరి చిక్కు ఎలా వీడిందో గమనించండి. హైదరాబాదులో ఎలక్ట్రికల్ పనికి వెళ్లినప్పుడు బాలానగర్‌లో ఒక యంత్రం కదలిక కంటపడింది. తనకు కావలసిన కదలిక అదేనని గుర్తుపట్టి, ఒక లేత్ మిషన్ దగ్గర ఆ భాగం చేయించుకున్నారు. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. మనం ఆ బిరుదు గురించి గర్వంగా చెప్పుకుంటాం. నేను మాత్రం ఆ ఏడేళ్ల గురించి ఆలోచిస్తాను. ఆలేరులో నలుగురు పనివాళ్లు కూర్చునే ఒక గది, ఒక లేత్, ఒక డ్రిల్లు ఉండి ఉంటే ఏడేళ్లు పట్టేదా? ఆయనలా ఏడేళ్లు నిలబడలేక మధ్యలోనే మానేసినవాళ్లు మన జిల్లాల్లో ఎంతమంది ఉండి ఉంటారు? వాళ్ల పేర్లు మనకు తెలిసే దారి లేదు.

అమెరికాలో 1975 మార్చి 5న మెన్లో పార్క్ అనే ఊళ్లో ఒక ఇంటి గ్యారేజీలో ముప్పై మందికి పైగా ఇలాగే కూడారు. హోమ్‌బ్రూ కంప్యూటర్ క్లబ్ అని పేరు పెట్టుకున్నారు. స్టీవ్ వోజ్నియాక్ తను చేసిన బోర్డును అక్కడికే తెచ్చి, దాని సర్క్యూట్ నమూనాను అడిగినవారికల్లా ఇచ్చాడు. ఆపిల్ కంపెనీ మొదటి కంప్యూటర్ అదే. ఆ క్లబ్బు దగ్గర పెద్ద యంత్రాలేమీ లేవు. కూర్చోవడానికి చోటు, కలుసుకోవడానికి ఒక రోజు, చేసినది చూపించుకునే అలవాటు ఉన్నాయి.

ఇక మిమ్మల్నే ఎందుకు అడుగుతున్నానో చెబుతాను.

మా ఊరికి దగ్గర్లోనే కొల్లూరు, పెదవడ్లపూడి మధ్య కాలువ పారుతుంది. 1935లో పాతూరి నాగభూషణం గారు ఆ కాలువ మీద పడవ గ్రంథాలయం నడిపారు. పుస్తకం కొనుక్కోలేని మనిషి దగ్గరికి పుస్తకమే పడవెక్కి వెళ్లింది. అంతకు ముందే 1914లో బెజవాడలో అయ్యంకి వెంకట రమణయ్య గారు ఆంధ్రదేశంలోని గ్రంథాలయాలన్నిటినీ ఒక సంఘం కిందికి తెచ్చారు. 1901లోనే హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్రభాషా నిలయం వెలిసింది. వాళ్లు కట్టినవి పుస్తకాల గోదాములు కావు. అక్కడ రాత్రి బడులు నడిచాయి, ఉపన్యాసాలు జరిగాయి, చదువురాని వాళ్లకు పత్రికలు చదివి వినిపించారు. ఒక్క ఇంటివాళ్లు సొంతంగా కొనుక్కోలేని దాన్ని ఊరంతా కలిసి కొనుక్కుని వంతులవారీగా వాడుకోవడమే ఆ ఉద్యమం. ఆ రోజుల్లో అలా కొనలేనిది పుస్తకం. ఈ రోజు పాఠ్యపుస్తకాలు, నవలలు చాలావరకు ఫోనులోకే వస్తున్నాయి. కొనలేనిది పనిముట్టు, దాన్ని పట్టుకోవడం నేర్పే మనిషి తోడు. ఏడాదికి మూడుసార్లు అక్కర పడే త్రీడీ ప్రింటర్‌ను ఏ ఇంటర్ విద్యార్థి ఇంట్లో కొంటారు?

పైగా ఈ గదికి అద్దె మేం ముందే కట్టాం. 1960 నాటి పౌర గ్రంథాలయాల చట్టం ప్రకారం ఇంటి పన్నుతో పాటు రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు వసూలవుతోంది. నేను నా ఉద్యోగమంతా కట్టాను, ఇప్పుడు పెన్షనులోంచి కడుతున్నాను. స్థానిక సంస్థల నుంచి ఆ సెస్సు మీకు సకాలంలో అందదని, బకాయిలు పేరుకుంటాయని నాకు తెలుసు. అది మీ తప్పు కాదు. కాని జనం మీ గుమ్మం ఎక్కువగా తొక్కినప్పుడే ఆ బకాయిల గురించి మీరు గట్టిగా అడగగలరు. ఇవాళ చాలా గ్రంథాలయాల్లో పోటీ పరీక్షలకు చదువుకునే యువత తప్ప మరెవరూ కనబడటం లేదు. వాళ్లకు ఆ చోటు అవసరం, వాళ్లను కదపమని నేను అనను. వాళ్ల పక్కనే ఇంకొందరికి చోటివ్వమంటున్నాను.

ఇది ఎక్కడా లేని ఊహ కాదు. 2011లో న్యూయార్క్ రాష్ట్రంలోని ఫేయెట్‌విల్ అనే చిన్న ఊరి పబ్లిక్ లైబ్రరీ, అమెరికాలో తొలిసారిగా, తన భవనంలోనే ఇలాంటి పనిగది పెట్టింది. తర్వాత ఎన్నో ఊళ్లు ఆ దారి పట్టాయి. డాలస్ దగ్గర మా అబ్బాయి ఉండే ఊళ్లోనూ అంతే. మా మనవరాలు లైబ్రరీ కార్డు చూపించి త్రీడీ ప్రింటర్‌కు గంట కేటాయించుకోవడం నా కళ్లతో చూశాను. పక్క మిషన్ మీద ఒక ముసలాయన విరిగిన కుర్చీ కాలికి తొడుగు చేసుకుంటున్నాడు. అక్కడి మన తెలుగు పిల్లలకు దొరికేది ఇక్కడి మన పిల్లలకు ఎందుకు దొరకకూడదని ఆ రోజే అనిపించింది. ఫిన్లాండ్ రాజధాని హెల్సింకీలో 2018 డిసెంబరు 5న, తమ స్వాతంత్ర్య దినానికి ముందు రోజు, ఓడి అనే కేంద్ర గ్రంథాలయాన్ని తెరిచారు. అందులో ఒక అంతస్తులో కుట్టు మిషన్లు, త్రీడీ ప్రింటర్లు, లేజర్ కట్టర్లు ఉన్నాయి.

మరీ దూరం పోనక్కర్లేదు. పుణె దగ్గర పాబల్ అనే మెట్ట ప్రాంతపు ఊళ్లో డాక్టర్ ఎస్. ఎస్. కల్బాగ్ 1983లో విజ్ఞాన ఆశ్రమం మొదలుపెట్టారు. పెద్ద కంపెనీలో శాస్త్రవేత్త ఉద్యోగం వదులుకుని వచ్చిన మనిషి. బడిలో వెనకబడ్డ పిల్లలకు పని ద్వారానే చదువు చెప్పారు. అమెరికాలోని ఎంఐటీలో నీల్ గెర్షెన్‌ఫెల్డ్ అనే ప్రొఫెసర్ 1998లో దాదాపు ఏదైనా తయారు చేసుకోవడం ఎలా అనే కోర్సు పెట్టారు. పది మంది వస్తారనుకుంటే వంద మంది దాకా ఎగబడ్డారు. అందులోంచి ఫ్యాబ్ ల్యాబ్ అనే ఆలోచన పుట్టింది. 2002లో ఎంఐటీ బయట తొలి ఫ్యాబ్ ల్యాబుల్లో ఒకటి వెలిసింది ఏ ఐరోపా నగరంలోనో కాదు, ఆ పాబల్‌లోనే. అక్కడి వాళ్లకు కావలసింది పాల నాణ్యత కొలిచే పరికరం, డీజిల్ ఇంజన్ సరిచేసే పరికరం. అవే చేసుకున్నారు.

మన దగ్గర ప్రభుత్వాలు ఏమీ చేయలేదని అనను. 2023 మార్చి 2న హైదరాబాదు రాయదుర్గంలో 78,000 చదరపు అడుగుల్లో టీ-వర్క్స్ ప్రారంభమైంది. నేను వెళ్లి చూశాను, చాలా మంచి చోటు. అక్కడి యంత్రాల ముందు నిలబడితే నా ఉద్యోగ జీవితంలో పిల్లలకు చూపించలేకపోయినవన్నీ గుర్తొచ్చి మనసు బరువెక్కింది. కాని తెనాలి నుంచి అది సుమారు 300 కిలోమీటర్లు. వస్తువు అమ్మకానికి తేవాలనుకునే వాళ్లకు అది సరైన చోటు. ఆదివారం పొద్దున సైకిలేసుకుని వచ్చే పిల్లవాడికి అది అందదు. ఇక అటల్ టింకరింగ్ ల్యాబులు. కేంద్రం ఒక్కో బడికి 20 లక్షల రూపాయల దాకా ఇచ్చి దేశమంతా 10,000 బడుల్లో పెట్టించింది. 2025 బడ్జెట్‌లో మరో 50,000 పెడతామని ప్రకటించింది. సంతోషం. అయితే అవి ఆరు నుంచి పన్నెండో తరగతి పిల్లలకు, బడి గంటల్లో. పదో తరగతితో చదువు ఆగిపోయిన వాడికి, టైలర్ ఆవిడకు, రిటైరైన లైన్‌మన్‌కు ఆ గుమ్మం లేదు.

ఇంకో మాట చెప్పాలి. ఆ మధ్య ఒక బడివాళ్లు పిల్లలకు నాలుగు మాటలు చెప్పమని పిలిచారు. ల్యాబు చూపించమన్నాను. తాళం చెవి ఎవరి దగ్గర ఉందో తెలియడానికి అరగంట పట్టింది. లోపల త్రీడీ ప్రింటర్ మీద ప్లాస్టిక్ కవరు ఇంకా చింపలేదు. కిట్లు అట్టపెట్టెల్లోనే ఉన్నాయి. పాడైతే ఎవరు జవాబుదారీ అని భయమట. ఆ భయాన్ని నేను తప్పుపట్టను, ఐటీఐలో స్టాకు రిజిస్టరు సంతకాలు పెట్టినవాణ్ణి. కాని వాడక పాడైన యంత్రానికి ఎవరూ జవాబుదారీ కారు, వాడి పాడుచేసిన దానికి మాత్రం ఒక మాస్టారు సంజాయిషీ రాసుకోవాలి. ఈ లెక్క తిరగబడనంత కాలం ఎన్ని ల్యాబులు పెట్టినా తాళాలు మాత్రమే పెరుగుతాయి. అందుకే నేను అడిగే గదికి డబ్బు కంటే ముందు మీ నుంచి ఒక కాగితం కావాలి. పనిచేస్తూ విరిగిన పనిముట్టుకు ఎవరి మీదా చర్య ఉండదని మీరు రాసిచ్చే కాగితం.

అక్కడ చేసేవి ఆటబొమ్మలే కదా అనేవాళ్లు ఉంటారు. కొన్ని ఆటబొమ్మలే. మొదటి రోజు వచ్చిన పిల్లవాడు బ్యాటరీకి ఒక రెసిస్టరు, ఒక ఎల్ఈడీ కలిపి వెలిగిస్తాడు. రెసిస్టరు ఎందుకని అడిగి, తీసేసి చూసి, ఎల్ఈడీ కాల్చుకుంటాడు. ఆ రెండు రూపాయల నష్టంతో ఓమ్ సూత్రం వాడికి జీవితాంతం గుర్తుంటుంది. టైలర్ ఆవిడ చేసిన మొదటి పని తన కుట్టు మిషన్ సూది దగ్గరికి వెలుతురు తెచ్చుకోవడం. పాత ఫోను ఛార్జర్, ఒక బెత్తెడు ఎల్ఈడీ స్ట్రిప్పు. టాకాలు తనే వేసింది. రాత్రి నల్లగుడ్డ మీద నల్లదారం కుట్టడానికి అంతవరకు టేబుల్ ల్యాంపు పక్కన పెట్టుకుని కళ్లు నొప్పి పుట్టించుకునేది.

ఇంటర్ రెండో ఏడాది చదివే ఒక అబ్బాయి వాళ్ల అమ్మమ్మ రేడియో తెచ్చాడు. స్టేషన్లు తిప్పే నాబ్ విరిగిపోయింది, ఆ మోడల్ నాబులు ఇక రావని షాపులో చెప్పారు. వెర్నియర్ కాలిపర్స్‌తో లోపలి కడ్డీ మందం కొలవమన్నాను. "వెర్నియర్ ప్రయోగం రికార్డులో రాసి మార్కులు తెచ్చుకున్నాను మాస్టారూ, నిజంగా ఒక వస్తువును కొలవడం ఇదే మొదలు" అన్నాడు. కొలిచి, కంప్యూటర్‌లో గీసి, ప్రింటరుకిచ్చాడు. రెండు వందల డిగ్రీల వేడికి కరిగిన ప్లాస్టిక్ దారం, మిల్లీమీటరులో ఐదో వంతు మందం పొరలు పొరలుగా పేరుకుని నాబ్ అయింది. కడ్డీకి ఎక్కలేదు. ప్రింటరు చేసే చిల్లులు ఎప్పుడూ గీసిన దానికంటే ఇసుమంత చిన్నగా వస్తాయి. రెండోసారి ఆ ఇసుమంత కలిపి గీశాడు, బిగువుగా కూర్చుంది. మరుసటి వారం వాళ్ల అమ్మమ్మ మా అందరికీ అరిసెలు పంపింది.

రైతు కొడుకు ఒకడు వేరే పని మీద వచ్చాడు. వాళ్ల నాన్న రాత్రిపూట మోటారు వేయడానికి గట్టు మీద నడిచి వెళ్లాలి, ఒకసారి పాము కాటు తప్పింది. ఫోను చేస్తే మోటారు నడిచేలా చేయాలని వాడి కోరిక. అలాంటి మొబైల్ స్టార్టర్లు బజారులో దొరుకుతాయి, కొనుక్కోవచ్చు. కాని వాడు తనే కట్టాలన్నాడు. రెండు నెలలు పట్టింది. మొదటిసారి కట్టినప్పుడు మూడు ఫేజుల్లో ఒకటి పోయినా మోటారు వేయమనే చెప్పేసేది. ఒక ఫేజు లేకుండా మోటారు మూలిగితే వైండింగు కాలిపోతుంది. మూడూ ఉన్నాయో లేదో చూసే భాగం తర్వాత చేర్చాం. స్టార్టర్ డబ్బాలో కనెక్షన్లు మాత్రం అనుభవమున్న ఎలక్ట్రీషియన్ చేతే ఇప్పించాం. ఇప్పుడు ఆ చుట్టుపక్కల ఎవరి మొబైల్ స్టార్టర్ మొరాయించినా వాణ్ణే పిలుస్తున్నారు. వాడికి అది అన్నం పెట్టే పని అయింది.

ప్రమాదాల గురించి మీరు అడుగుతారు, అడగాలి. సోల్డరింగ్ ఐరన్ మొన 350 డిగ్రీలు ఉంటుంది, మనం వాడే టంకంలో సీసం ఉంటుంది. అందుకే మా షెడ్డులో ఎగ్జాస్టు ఫ్యాను తిరగకుండా ఐరన్ వేడెక్కదు, చేతులు సబ్బుతో కడగకుండా ఎవరూ టీ గ్లాసు ముట్టుకోరు. పిల్లల పనులన్నీ బ్యాటరీల మీదే, 230 వోల్టుల పని పెద్దవాళ్లు పక్కనుంటేనే. ఉబ్బిన లిథియం బ్యాటరీ ఏదైనా బల్ల మీదికి రానివ్వం. లేజర్ కట్టర్ మాత్రం మొదటి ఏడాది కొనవద్దని నా గట్టి సలహా. దాన్ని వదిలి పక్కకు వెళ్తే మంటలు లేస్తాయి. తెలియక దాంట్లో రెక్సిన్ ముక్క కోస్తే అందులోని పీవీసీ కాలి ఊపిరితిత్తులను, యంత్రాన్ని కూడా తినేసే ఆమ్ల వాయువు వస్తుంది. ఈ నియమాలు గోడ మీద పెద్ద అక్షరాలతో తెలుగులో రాయించండి. ఆరేళ్లలో మా దగ్గర వేళ్లు కొద్దిగా కాలడం తప్ప ప్రమాదం జరగలేదు. వంటింట్లో అంతకంటే ఎక్కువ కాలుతాయి.

శబ్దం సంగతి నిజమే. చదువుకునే హాలు పక్కన డ్రిల్లు మోగకూడదు. ప్రతి జిల్లా కేంద్ర గ్రంథాలయంలోనూ పాత పత్రికలు పేర్చిన గదో, సామాను పడేసిన వరండానో ఉంటుంది. అది చాలు. గాలి ఆడాలి, నాలుగు పవర్ ప్లగ్గులుండాలి, మంచి ఎర్తింగు ఉండాలి. ఖర్చు నేను లెక్క వేశాను. ఇరవై వేల లోపు ప్రింటరు ఒకటి, సోల్డరింగ్ ఐరన్లు, మల్టీమీటర్లు, ఒక పవర్ సప్లై, డ్రిల్లు, ఒక కుట్టు మిషన్, ఏడాదికి సరిపడా విడిభాగాలు, అన్నీ కలిపి లక్ష రూపాయలు దాటవు. సిబ్బంది కొరత మీకు ఎంత ఉందో తెలుసు కాబట్టి లైబ్రేరియన్ మీద ఇంకో బరువు వేయమనడం లేదు. శని, ఆదివారాలు, వారంలో రెండు సాయంత్రాలు ఐటీఐ చదివిన ఒక కుర్రాడికి గౌరవ వేతనమిచ్చి గది అప్పగించండి. అలాంటి వాళ్లు ప్రతి ఊళ్లో ఉన్నారు. నేర్పే పెద్దలు డబ్బు తీసుకోకుండానే వస్తారు. రేడియోలు, టీవీలు బాగుచేసి ఇప్పుడు కొట్లు మూసేసిన మెకానిక్కులు మన ఊళ్లలో ఎందరున్నారో చూడండి. వాళ్ల చేతుల్లో ఉన్న విద్య ఏ పుస్తకంలోనూ లేదు, వాళ్లతోనే పోతుంది.

లోపలికి రావడానికి ఒకే అర్హత పెట్టండి, గ్రంథాలయ సభ్యత్వ కార్డు. వయసు, చదువు, పదో తరగతి మార్కులు అడగవద్దు. ఆడపిల్లలు, ఇంటి పని చేసుకునే ఆడవాళ్లు రాగలిగే వేళలు పెట్టండి. మా షెడ్డుకు టైలర్ ఆవిడ కుట్టు మిషన్ తెచ్చాకే ఇంకో ముగ్గురు ఆడవాళ్లు గుమ్మం దాటారు. ప్రారంభోత్సవానికి పూలదండలు, ఫ్లెక్సీలు వద్దు. నెలకోసారి ఎవరు ఏం చేశారో చూపించుకునే సాయంత్రం ఒకటి పెట్టండి, చెడిపోయిన ఫ్యాన్లూ మిక్సీలూ బాగుచేసుకునే ఆదివారం ఒకటి పెట్టండి. ఆమ్‌స్టర్‌డామ్‌లో మార్టిన్ పోస్ట్మా అనే ఆవిడ 2009లో ఇలాంటి మరమ్మతు సభ మొదలుపెడితే అది ఎన్నో దేశాలకు పాకింది. మనకు మరమ్మతు కొత్తగా నేర్పాల్సిన పని లేదు, మన బజార్లలో అది ఇంకా బతికే ఉంది. దానికి పగటి వెలుతురు పడే ఒక గది కావాలి.

ముందు మూడే మూడు గ్రంథాలయాల్లో ఒక్క ఏడాది చేసి చూడండి. ఒకటి జిల్లా కేంద్రంలో, ఒకటి మండల కేంద్రంలో, ఒకటి నేతగాళ్లో కమ్మరులో ఎక్కువున్న ఊళ్లో. ఎంతమంది వచ్చారు, ఏం చేశారు, ఏం విరిగింది అని రిజిస్టరు పెట్టండి. ఏడాది తర్వాత ఆ రిజిస్టరు చూసి మీరే నిర్ణయించండి. పనిముట్ల పట్టిక, గోడ మీద రాయించాల్సిన నియమాలు, మొదటి పన్నెండు ఆదివారాలకు పాఠాలు నేను తెలుగులో రాసి సిద్ధంగా ఉంచాను. ఏ జిల్లా అడిగినా పంపుతాను. నడవగలిగినంత కాలం వచ్చి నిలబడి చూపిస్తాను.

మా పని ప్రతి ఆదివారం తొమ్మిదిన్నరకు మొదలవుతుంది. మీలో ఎవరైనా ఒక్కరు వచ్చి రెండు గంటలు మాతో కూర్చోండి. వచ్చేటప్పుడు మీ ఇంట్లో మూలన పడేసిన రేడియోనో టేబుల్ ఫ్యానో వెంట తెచ్చుకోండి. దాన్ని విప్పుతూ, మీ గ్రంథాలయంలో ఏ గది ఇవ్వవచ్చో, దాని తాళం చెవి ఎవరి దగ్గర ఉండాలో మాట్లాడుకుందాం.

ఇట్లు,
రిటైర్డ్ ఐటీఐ ఇన్‌స్ట్రక్టర్, గ్రంథాలయ సభ్యుడు,
తెనాలి